మూడో నంబరు మైకు

చర్చిలో మిక్సర్ దగ్గర కూర్చునే మనిషిని జనం రెండే సందర్భాల్లో తిరిగి చూస్తారు. మైకు కుయ్యిమన్నప్పుడు ఒకసారి, అసలు పలకనప్పుడు ఒకసారి. రాజోలు అవతల ఒక ఊరి సంఘంలో కృపానందం మాస్టారి వైపు ఎవరూ తిరిగి చూడరంటే, ఆయన పనితనం అలాంటిది.

ఒక్క ఆదివారం మాత్రం చూశారు. అయ్యగారు ప్రసంగం ముగించి లోపలి గదిలోకి వెళ్తూ కాలరు మైకు తీయడం మరిచిపోయారు. "ఇవాళ భోజనం ఎవరింట్లోనండి? పోయినవారంలా ఉప్పుచేప కాదు కదా?" అన్న ప్రశ్న సంఘమంతటికీ వినిపించింది. పోయినవారం వడ్డించిన ఇల్లాలు రెండో వరుసలోనే ఉంది. ఆ రోజునుంచి మాస్టారు మీటల మీంచి వేళ్ళు తీస్తే ఒట్టు.

ఆయన ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరుగా చేశారు. మిక్సర్ కొన్నప్పుడు దాంతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదవగలిగింది ఆయనొక్కరే కాబట్టి పని ఆయన మెడకే చుట్టుకుంది. ఇది జరిగి పద్నాలుగేళ్ళు.

భార్య లీలావతిగారు క్వయరులో పాడేవారు. మూడో నంబరు మైకు ఆవిడది. గొంతు మంచిదే. కాకపోతే పాట ఒక దారినా ఆవిడ ఒక దారినా వెళ్ళి, చరణం చివర ఎక్కడో మళ్ళీ కలుసుకునేవారు. కొత్త మిక్సర్ వచ్చిన ఏడాది క్రిస్మస్ ఆరాధనలో, ఆవిడ పాడుతుంటే ముందు వరుసలో ఇద్దరు కొంగు నోట్లో కుక్కుకోవడం మాస్టారి కంటబడింది.

మరుసటి ఆదివారం ఆయన మూడో నంబరు మీటని కిందకంటా దించేశారు. లీలావతిగారి కాళ్ళ దగ్గరుండే చిన్న స్పీకరు బాక్సులోకి మాత్రం ఆవిడ గొంతు నిండుగా వదిలారు. అంటే ఆవిడ పాట ఆవిడకి వినిపిస్తుంది, జనానికి చేరదు. పైగా మీటకి తెల్ల టేపు అంటించి "ముట్టుకోరాదు" అని గుండ్రటి అక్షరాలతో రాశారు. ప్రేమకొద్దీ చేశారా, పరువుకోసం చేశారా అంటే ఆయనే చెప్పలేరు.

"ఏవండీ, ఇవాళ నా గొంతెలా వచ్చిందండీ?" అని ఇంటికొచ్చాక ఆవిడ అడిగేవారు.

"చాలా బాగుంది లీలా," అనేవారు మాస్టారు, పళ్ళెంలోకి చూస్తూ.

ఆవిడ మురిసిపోయి ఇంకో చేపముక్క వేసేవారు. ఆ అబద్ధం మీద ఆయన పద్నాలుగేళ్ళు చేపలు తిన్నారు.

మొన్న వర్షాల్లో ఆవిడకి జ్వరమొచ్చింది. ఎనిమిదో రోజున పోయారు.

ఆవిడ జ్ఞాపకార్థం చర్చిలో జరిగే ఆదరణ కూడిక శుక్రవారమని నిర్ణయించారు. కాకినాడలో టీచరుగా ఉన్న కూతురు కరుణ గురువారం పొద్దున్న అంది: "నాన్నా, రేపు అమ్మ పాడిన పాటొకటి వేద్దాం. ఆరాధనలన్నీ రికార్డు చేసేరు కదా. అయ్యగారితో చెప్పేసేను, ఆయన కూడా సంతోషించేరు."

మాస్టారు తలూపారు. తలూపిన తర్వాత అర్థమైంది. బయటి బాక్సుల్లోకి వెళ్ళిందే రికార్డులోకి వెళ్తుంది. రికార్డు చేయడం మొదలైంది కూడా ఆ మీట దించాకే. లీలావతి గొంతు బయటికి వెళ్తేగా?

అయినా చర్చికి వెళ్ళి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. పద్నాలుగేళ్ళ ఆదివారాలు తేదీలవారీగా ఉన్నాయి. ఎప్పుడైనా పొరపాటున మీట పైకి జరిగి ఉండకపోతుందా అని ఒక్కొక్కటే తెరిచి, పాట దగ్గర నాలుగు క్షణాలు విన్నారు. క్వయరులో పక్కన పాడే ప్రసన్నకుమారి గొంతు ఉంది. బెన్నీ కీబోర్డు ఉంది. అయ్యగారి దగ్గు ఉంది. అంబాజీపేట వెళ్ళే కొబ్బరికాయల లారీ హారన్ కూడా శుభ్రంగా ఉంది. లీలావతి లేదు. ఆయన ఫోన్లో ఆవిడ మాట్లాడిన ముక్కలు నాలుగున్నాయి గానీ పాట ఎక్కడా లేదు. వంటింట్లో కూనిరాగం తీసేటప్పుడు ఎవరు రికార్డు చేస్తారు?

చివరికి రెండు ఆదివారాలు మిగిలాయి. ఆయన కంటి ఆపరేషన్ చేయించుకున్నప్పటివి. ఆ రెండు వారాలూ మిక్సర్ దగ్గర సంఘంలో కుర్రాడు అంజిబాబు కూర్చున్నాడు. అతగాడికి ఏ మీట ఏమిటో తెలియదు, అన్నీ ఎడాపెడా జరిపేవాడు. ఎంతమంది తిట్టారో అప్పుడు! మాస్టారు ఆ రెండూ తెరిచారు. కీబోర్డు చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. తబలా ఎక్కడో బావిలోంచి వస్తోంది. లీలావతి మాత్రం లేదు. అంజిబాబు ఆ ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. హెడ్మాస్టరుగారు రాసింది చదివి ఊరుకున్నాడు.

"దొరికిందా నాన్నా?" కరుణ వెనకే నిలబడి ఉంది.

ఆయన చెప్పేశారు. పాఠం అప్పగించినట్టు, ఆగకుండా.

కరుణ ఆ తెల్ల టేపు మీది అక్షరాలు చదివింది. తర్వాత అంది: "అమ్మ శనివారం శనివారం ఉప్పునీళ్ళు పుక్కిలించేది నాన్నా. చల్లటివి ముట్టుకునేది కాదు. మావిడిపళ్ళ రోజుల్లో కూడా, రేపు పాడాలే అని పండు తినేది కాదు."

ఆయనకి ఆ సంగతి తెలుసు. పండు ముక్కలు కోసి ఆవిడ ముందు పెట్టింది ఆయనే.

కూడికకి కుర్చీలు సర్దడానికొచ్చిన ప్రసన్నకుమారి గుమ్మం దగ్గర ఆగిపోయింది. పదేళ్ళు లీలావతిగారి పక్కనే నిలబడి పాడిన మనిషి.

"మాకు తెలుసండి అన్నయ్యగారూ," అంది మెల్లగా. "క్వయరులో అందరికీ తెలుసండి. వదినగారితో చెప్పే ధైర్యం ఎవరికుందండి?"

"అయితే నువ్వు విన్నావన్నమాట. నేను వినలేదమ్మా. నీకు గుర్తుందా, ఎలా పాడేదో?"

"ఎందుకు గుర్తుండదండి! నా చెవిలోనే కదా పాడేరు."

"ఒక్కసారి పాడు. నీలా కాదు, లీలలా."

ప్రసన్నకుమారి మైకు ముందు నిలబడింది. పల్లవి ఎత్తుకుంది. చక్కగా, తీగలా వచ్చింది.

"కాదమ్మా. అక్కడ తను తొందరపడేదనుకుంటా."

మళ్ళీ పాడింది. తొందరపడింది గానీ శ్రుతి తప్పలేదు. మూడోసారి కావాలనే స్వరం పైకి లాగింది. అదీ అందంగానే వచ్చింది. కరుణకి కన్నీళ్ళలోనే నవ్వొచ్చింది.

"నావల్ల కాదండి," అంది ప్రసన్నకుమారి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఎక్కడ తప్పేవారో కూడా తెలుసండి. నోరు పలకట్లేదండి."

మాస్టారు మిక్సర్ ఆపేశారు. "అయ్యగారితో నేనే చెప్తానులే," అన్నారు.

శుక్రవారం కూడికకి చర్చి నిండిపోయింది. అయ్యగారితో చెప్తానన్న మాట మాస్టారు అప్పటికీ చెప్పలేదు. వాక్యం చెప్పడం అయ్యాక అయ్యగారు, "ఇప్పుడు లీలావతమ్మగారి స్వరం విందాం," అనబోయి, మాస్టారు లేచి రావడం చూసి పక్కకి జరిగారు. మాస్టారు ప్రసంగ వేదిక ఎక్కడం అదే మొదలు. ఆ మైకుని అయ్యగారి ఉరుము గొంతుకి సరిపడా పెట్టింది ఆయనే.

"మా ఆవిడ పాట నా దగ్గర లేదండి," అన్నారు. "ప్రతి ఆదివారం పాడిందండి. నేనే మీకు వినపడకుండా చేసేనండి. సిగ్గుపడ్డానండి."

జనం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ సన్నటి గొంతు మూడో వరుస దాటలేదు. పెంచడానికి మిక్సర్ దగ్గర ఎవరూ లేరు.

వెనక బల్లమీంచి చెవుడున్న నూకాలమ్మ లేచి నిలబడింది. "మాస్టారూ, ఏటీ వినపళ్ళేదండి. గట్టిగా చెప్పండి బాబూ!"

కృపానందం మాస్టారు ఖాళీగా ఉన్న తన కుర్చీ వైపు ఒకసారి చూశారు. తర్వాత మైకుకి నోరు ఆనించి, ఆ మాటలన్నీ మొదట్నుంచి మళ్ళీ చెప్పారు.