రెండు వైపులా సమానమే అనుకున్న రోజు

మొన్న మా తమ్ముడి కూతురు, ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి ఒక ఆవిరి పైపులైను బొమ్మ చూపించింది. ఏ ఆధారం మీద ఎంత బలం పడుతుందో రంగురంగుల్లో క్షణంలో వచ్చేసింది. మీ రోజుల్లో దీనికి ఎన్నాళ్ళు పట్టేది పెదనాన్నగారూ అని అడిగింది. అసలు లెక్కకు వారాలు పట్టేదనీ, ముందస్తు అంచనా అయితే ఒక్క పూటలో కాగితం మీద తేల్చేసేవాళ్ళమనీ చెప్పి, కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీదకు వచ్చేశాను. ఆ పిల్లకు చెప్పనిది ఒకటుంది. నా ఈడు వాళ్ళకు చెప్పుకోవచ్చుననిపించి రాస్తున్నాను.

నాకు పాతికేళ్ళు నిండని రోజుల్లో రాజోలు వైపు ఒక చిన్న కర్మాగారం కడుతుంటే, అక్కడ పైపులైన్ల డిజైను విభాగంలో చేరాను. మా అక్కయ్యను కొత్తపేట దగ్గర పల్లెలో ఇచ్చారు. బావగారు చేయి తిరిగిన ఫిట్టరే అయినా నిలకడైన పని లేక ఊళ్ళు పట్టుకు తిరుగుతుండేవారు. పైవాళ్ళతో మాట్లాడి ఆయనను మా కర్మాగారంలో పెట్టించింది నేనే. ఆ సంగతి అక్కయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

వేడి ఆవిరి వెళ్ళే పైపు పొడవు సాగుతుంది. దాన్ని సాగనిస్తూనే, ఒకచోట మాత్రం కదలకుండా బిగించి పట్టుకోవాలి. ఆ చోటును యాంకర్ అంటారు. తక్కిన ఆధారాల మీద పైపు జారుతున్నప్పుడు పుట్టే రాపిడీ, వంపుల దగ్గర పైపు వంగడానికి పట్టే బలమూ చివరికి దాని మీదే పడతాయి. పైపు దారి ఖరారు కాకముందే ఆ బలం ఎంతో పునాదులవాళ్ళకు చెప్పాల్సి వచ్చేది. మా వైపు రెండడుగులు తవ్వితే నీళ్ళు. కాలవలకు నీళ్ళు వదిలాక ఇక తవ్వడమే కుదరదు కాబట్టి పునాదులు ముందే పోసేయాలి.

మా పెద్ద ఇంజనీరుగారు ఊళ్ళో లేని రోజున పునాదుల ఇంజనీరుగారు వచ్చి, సాయంత్రానికల్లా అంకె కావాలన్నారు. నేను కూర్చుని పైపు బరువూ, పరీక్షకు లోపల నింపే నీటి బరువూ, రాపిడీ అన్నీ వేశాను. యాంకరుకు అటూ ఇటూ పైపు ఇంచుమించు ఒకే పొడవు. ఎడమవైపు ఎంత నెడుతుందో కుడివైపూ అంతే నెడుతుంది కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయనీ, మిగిలిన కాస్త తేడాకు పైన కొంత కలిపితే చాలుననీ అనుకున్నాను. ప్రాథమిక అంచనా, తరవాత సరిచూడాలి అని రాసి సంతకం పెట్టాను. పునాది పోసేశారు. తరవాత ఎవరూ సరిచూడలేదు. నేనూ అడగలేదు.

మొదటిసారి ఆవిరి వదిలిన నాడు, కుడివైపు వాల్వు ఇంకా మూసే ఉంది. ఎడమవైపు పైపు ఒక్కటే వేడెక్కింది. దాని తోపును ఎదుర్కోవడానికి అవతల ఏమీ లేదు. మెత్తటి నేలలో యాంకరు పునాది ఒరిగింది, పక్క ఆధారం మీంచి పైపు జారి కిందపడింది. ఆ కింద బోల్టు బిగిస్తున్నది బావగారు. ఆయన కుడిపాదం నలిగిపోయింది.

అమలాపురం ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. అక్కయ్య ఏడుస్తుంటే పక్కనే కూర్చుని ఎవరో తెచ్చిన ఇడ్లీలు నాలుగూ తిన్నాను. ఆకలి వేసింది, తిన్నాను. ఆ సంగతి ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది. పాదం సగం తీసేశారు. విచారణలో నా కాగితం మీద ప్రాథమిక అంచనా అని ఉంది కాబట్టి నన్నెవరూ ఏమీ అనలేదు. బావగారికి గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు.

మూడు నెలల తరవాత, అక్కయ్య ఇంట్లో లేని సమయం చూసుకుని, ఆ అంకె నాదేనని బావగారితో చెప్పాను.

"ఆ కాయితం నేను చూళ్ళేదు. చూసినా నాకు తెలిసేది కాదు," అన్నారాయన. "మీ అక్కకి మాత్రం చెప్పకు. తమ్ముడు మాకింత దారి చూపించేడని పదిమందికీ చెప్పుకుంటోంది. దానికి అదైనా ఉండనీ."

"ఆయ్," అన్నాను.

అంతే. ఆ మాట మళ్ళీ మా మధ్య రాలేదు. తరవాత ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్ళలో ఏ యాంకరు దగ్గరా ఒకవైపు బలాన్ని రెండోవైపు బలంతో పూర్తిగా కొట్టివేయలేదు. నా పునాదులు పెద్దవయ్యేవి, వెనకాల సిమెంటు దండగ మనిషి అని నవ్వుకునేవారు. బావగారు పోయి రెండేళ్ళయింది. అక్కయ్య ఇప్పటికీ బంధువుల్లో నా గురించి అదే గొప్పగా చెబుతుంది. నేను తల వంచుకుని వింటాను. లోపల ఏమైనా కదులుతుందేమోనని చూసుకుంటాను. కదలదు.

ఇప్పటి లెక్కలు మా లెక్కలకన్నా ఎంతో నికరమైనవి, కాదనను. కానీ ఈ రోజుల్లో అంకె వేసేది ఒక ఊళ్ళో, పునాది పోసేది ఇంకో ఊళ్ళో, పైపు కింద నిలబడేది ఎవరో, అతని ముఖం కూడా తెలియదు. మా కాలంలో లెక్క వేసినవాడూ, దాని కింద నిలబడినవాడూ ఒకే పంక్తిలో భోంచేసేవారు. అందువల్ల ఆ రోజుల్లో తప్పులు తగ్గాయని చెప్పలేను. తప్పు జరిగాక మాత్రం విస్తరి ముందు ఆ మనిషి పక్కనే కూర్చోవలసి వచ్చేది.