చేతుల కుర్చీ

నా ఉద్యోగం ఏమిటని అడిగితే చెప్పడానికి సరైన మాట దొరకదు. సపోర్ట్ వర్కర్ అంటే మా చిలకలూరిపేటలో ఎవరికీ అర్థం కాదు. బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్న పెద్దవాళ్ళకు తమ పనులు తాము చేసుకోవడం నేర్పుతానని వివరిస్తే, "పోన్లే తల్లీ, ఎంత పుణ్యమో" అంటారు. పుణ్యానికి కాదండీ, జీతానికే చేస్తున్నాను అంటే మొహం ముడుచుకుంటారు. ఈ చుట్టుపక్కల పుణ్యానికున్న గిరాకీ మిరపకాయలకు కూడా లేదు. అలా పుణ్యం ఏరుకునేవాళ్ళ మధ్య ఒక మనిషిని ఇంటి నుంచి బజారు దాకా నడిపించడానికి నేను పడ్డ పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆయనకు ముప్పై దాటాయి. రోజూ గడ్డం గీసుకుంటారు. ఇస్త్రీ చొక్కా లేనిదే గడప దాటరు. మాట తక్కువ, అది కూడా కాస్త ముద్దగా వస్తుంది. వీధి వీధంతా ఆయన్ని "బాబు" అంటుంది. నిన్నగాక మొన్న కాలేజీలో చేరినవాళ్ళు కూడా బుగ్గ గిల్లి "ఏం బాబూ, బువ్వ తిన్నావా" అని అడుగుతారు. నేను మాత్రం "అన్నయ్యా, మీరు" అనేదాన్ని. నేనలా పిలిచిన మొదటి రోజు ఆయన వెనక్కి తిరిగి చూసుకున్నారు, ఇంకెవరినో అనుకుని.

వాళ్ళ నాన్నగారికి మెయిన్ బజారులో పురుగుమందుల కొట్టుంది. తమ్ముడు రోజూ వెళ్ళి కూర్చుంటాడు. ఈయనకూ కూర్చోవాలని కోరిక. ఆ సంగతి నేను చెప్పినప్పుడు నాన్నగారు ఇంటికొచ్చిన చుట్టాల ముందు పెద్దగా నవ్వారు.

"సరే అమ్మాయ్. ఎవరూ చెయ్యి పట్టుకోకుండా వాడంతట వాడు కొట్టుకొచ్చిన రోజు, కౌంటర్ పక్కన కుర్చీ వాడిదే. పో."

చుట్టాలు కూడా నవ్వారు. ఆయన నవ్వలేదు.

"ఏ కుర్చీ?" అని అడిగారు.

"చేతుల కుర్చీరా. ఫ్యాను కిందది."

పెద్ద గిరాకీలు వస్తే కూర్చోబెట్టే కుర్చీ అది. జరగదనుకున్న పనికి ఎంత ఖరీదైన బహుమానమైనా ప్రకటించవచ్చు కదా. ఆయన మాత్రం ఆ మాటను పట్టుకున్నారు. రోజూ నేను వెళ్ళేసరికి చెప్పులు తొడుక్కుని అరుగు మీద సిద్ధంగా ఉండేవారు.

దారి పెద్ద దూరమేమీ కాదు. వీధి చివర ఇడ్లీ బండి, అక్కడ ఎడమకు తిరిగితే పత్తి జిన్నింగు మిల్లు గోడ, గోడ వెంట నడిస్తే ఆటో స్టాండు, అక్కడ రోడ్డు దాటితే కొట్టు. మొదట్లో పక్కనే నడిచాను. తర్వాత రెండడుగులు వెనక, ఆ తర్వాత ఇంకా వెనక. పత్తి లారీ వచ్చినప్పుడు గోడకు ఒదగడం, రోడ్డు దాటే ముందు ఆగి రెండువైపులా చూడడం ఆయనకు బాగా పట్టుబడ్డాయి. నిజానికి ఆ రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూసే మనిషి ఊరు మొత్తం మీద ఆయనొక్కరే. మిగిలినవాళ్ళు చెయ్యి చూపించి దేవుడి మీద భారం వేస్తారు.

లారీలతో ఏ ఇబ్బందీ రాలేదు. మంచివాళ్ళతోనే వచ్చింది.

మొదటిసారి నేను బాగా వెనకబడి, ఆయన్ని ఒంటరిగా నడవనిచ్చిన రోజు మిల్లు గోడ దగ్గర ఒక పెద్దావిడ పట్టుకుంది. నేను పరుగెత్తుకెళ్ళేలోపే చెయ్యి పట్టుకుని పక్కనున్న గుడికి తీసుకెళ్ళి, దణ్ణం పెట్టించి, ఇంటి దాకా తెచ్చి వదిలింది. ఇస్త్రీ చొక్కాతో కొట్టుకు బయల్దేరిన మనిషి, చేతిలో అరటిపండు, నుదుట విభూతితో ఇంటికి తిరిగొచ్చారు. "తప్పిపోయినట్టున్నాడు పాపం" అంది ఆవిడ. తప్పిపోలేదు, వెళ్తున్నారు అని నేనంటే, ఎక్కడికి వెళ్తాడమ్మా అని జాలిగా నన్నే చూసింది.

రెండోసారి ఇడ్లీ బండి దగ్గర. ఎవరో బెంచీ మీద కూర్చోబెట్టి ప్లేటు చేతిలో పెట్టారు. వద్దు అని ఆయన అన్నారు. వద్దు అంటే విన్నవాళ్ళేరీ? ఆయన నోట్లోంచి వచ్చే మాట ఏదైనా సరే, వీళ్ళకు "ఆకలి" అనే వినిపిస్తుంది.

మూడోసారి అసలు మహానుభావుడు తగిలాడు. వాళ్ళ వీధిలోనే ఉంటాడు, మిర్చి కమీషన్ వ్యాపారి. శనివారం శనివారం గుడి ముందు పులిహోర పంచుతాడు, పంచుతూ ఫొటోలు తీయించుకుంటాడు. ఆ రోజు అన్నయ్య సరిగ్గా ఆటో స్టాండు దాకా వెళ్ళారు. ఇక రోడ్డు దాటడమే. కళ్ళ ముందు కొట్టు బోర్డు కనిపిస్తోంది. అప్పుడు ఈ వ్యాపారి బుల్లెట్ బండి అడ్డం పెట్టి, "ఎక్కు బాబూ ఎక్కు" అని రెక్క పుచ్చుకుని ఎక్కించుకోబోయాడు. ఆయన కొట్టు వైపు చెయ్యి చూపిస్తున్నారు. నేను పరుగెత్తాను.

"ఆయన్ని వదలండి. నేను వెనకే ఉన్నాను" అన్నాను.

"వెనకుండి ఏం చేస్తున్నావమ్మా? జీతం తీసుకుంటా పిల్లాణ్ణి రోడ్డు మీదొదిలేస్తావా?"

ఆటోవాళ్ళు మూగారు. అందరూ కలిసి నన్ను తిట్టారు. ఆ గోలలో బండి వెళ్ళిపోయింది, వెనక సీటు మీద ఆయన మెడ తిప్పి కొట్టు వైపే చూస్తూ. నేను వాళ్ళ ఇల్లు చేరేసరికి వ్యాపారి వరండాలో మజ్జిగ తాగుతున్నాడు.

"సమయానికి దేవుడే నా కంట పడేట్టు చేశాడండీ" అంటున్నాడు. ఆ దేవుడికి ఆ పూట ఇంకే పనీ లేనట్టుంది. పోతూ పోతూ, "మెళ్ళో ఫోన్ నంబరు రాసి బిళ్ళ కట్టండి, ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు తోలుకొస్తారు" అని సలహా కూడా పారేశాడు. తోలుకురావడం అంటే గొడ్డును.

వాళ్ళ అమ్మగారు ఏడ్చారు. వీధిలో తలెత్తుకోలేకపోతున్నాం, ఇంకొక్కసారి ఇలా ఎవరైనా తెచ్చి దింపితే ఈ నడకలు మానిపించేస్తాను అన్నారు. అంటే ఇంకొక్కటే అవకాశం. అది పోతే ఆయన జీవితాంతం ఆ అరుగే. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఇంత చదువూ చదివి ఊరి మంచితనాన్ని ఎలా దాటించాలో తెలియనందుకు. లారీలను దాటించడం మాకు కోర్సులో చెప్పారు కానీ, దయగలవాళ్ళను దాటించడం చెప్పలేదు.

తర్వాత కొన్నాళ్ళు ఆయన కదల్లేదు. అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూస్తూ ఉండిపోయారు. అలిగారనుకున్నాను. ఒక సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, వంటింట్లోంచి స్టీలు క్యారేజీ పట్టుకుని బయటికొచ్చారు. పొయ్యి మీద కూరకు ఇంకా తాలింపు కూడా పడలేదు. ఆకలేస్తోందా అన్నయ్యా అని అడిగాను. చూశారా, నాకూ అదే తోచింది. ఆయన క్యారేజీ చెయ్యి మార్చుకుని మెట్లు దిగారు.

నేను దూరంగా వెనక నడిచాను. ఇడ్లీ బండి దగ్గర జనం ఉన్నారు. ఆయన చేతిలో క్యారేజీ చూసి ఒకతను పక్కకు జరిగి దారిచ్చాడు. మిల్లు గోడ దగ్గర ఆ పెద్దావిడ ఎదురైంది.

"నాన్నకి అన్నమా బాబూ?" అంది.

ఆయన తల ఊపారు. ఆవిడ వెళ్ళిపోయింది. అంతే, విభూతీ లేదు, అరటిపండూ లేదు. అప్పటికి నాకు అర్థమైంది. ఈ ఊళ్ళో ఒట్టి చేతులతో నడిచే "బాబు" తప్పిపోయినవాడు. క్యారేజీ పట్టుకున్నవాడు ఎవరి కోసమో వెళ్తున్నవాడు. తన కోసం తాను వెళ్ళే హక్కు లేదు కానీ, ఇంకొకరి అన్నం మోసుకెళ్తే ఎవ్వరూ ఆపరు. అరుగు మీద కూర్చుని ఆయన ఇన్నాళ్ళూ చూసింది అదే. ఆటో స్టాండు దగ్గర ఆగారు, రెండువైపులా చూశారు, మిర్చి బస్తాల లారీ పోయాక దాటారు.

నేను కొట్టు పక్కన జిరాక్స్ షాపు మెట్టు మీద నిలబడ్డాను. లోపల రైతులు నల్లి మందు గురించి బేరాలాడుతున్నారు. ఫ్యాను కింద చేతుల కుర్చీలో పేపరు చదువుతూ మన బుల్లెట్ మహానుభావుడే ఉన్నాడు. అన్నయ్య క్యారేజీ కౌంటర్ మీద పెట్టారు. నాన్నగారు గడియారం చూసి, ఇంత పొద్దున్నే అన్నమేమిటని మూత తీశారు. పై గిన్నె ఖాళీ. కింద గిన్నె ఖాళీ. అడుగుదీ ఖాళీ.

"అన్నమేదిరా?"

"అన్నానికి ఇంటికెళ్తా" అన్నారు ఆయన. "కుర్చీ."

వ్యాపారి పేపరు దించి గుమ్మం వైపు చూశాడు. "ఎవరు దింపారు బాబూ నిన్ను?"

ఆయన వెళ్ళి అతని ముందు నిలబడ్డారు. "లేవండి" అన్నారు.

వ్యాపారి నవ్వుతూ నాన్నగారి వైపు చూశాడు, కొడుకును కసురుతారేమోనని. నాన్నగారు ఖాళీ గిన్నెల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి మూత పెడుతున్నారు. తలెత్తలేదు.

"లేవండి. అది వాడిది" అన్నారు.

వ్యాపారి లేచాడు. పుణ్యాత్ముడు కదా, వెళ్ళేవాడు ఊరికే వెళ్తాడా. గుమ్మం దగ్గర ఆగి, "పోన్లే బాబూ, మధ్యాహ్నం నేనే బండి మీద దింపుతాలే" అన్నాడు.

ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చుని, దాని చేతుల మీద తన చేతులు ఆనించి, అతని వంక చూశారు.

"వద్దు. నాకు పనుంది."