సత్తయ్య కాళ్ల కింద తడిగోనె

వానలు మొదలైతే అడాజన్‌లోని మా అపార్ట్‌మెంట్ కాపలాదారు లిఫ్టు ముందు ఒక గోనెపట్టా పరుస్తాడు. సాయంత్రానికి అది తడిసి ముక్కవాసన వేస్తుంది. ఆ వాసన తగిలినప్పుడల్లా ఇదే నగరంలోని బమ్రోలి పేటలో, వలస వచ్చిన మన తెలుగు మగ్గం కార్మికులకు వండిపెట్టిన నర్సవ్వ గుర్తుకొస్తుంది. పరిశీలన అంటే ఏమిటో ప్రయోగశాలలో కంటే ఆమె వంటింటి గడపలోనే నాకు ఎక్కువగా తెలిసింది, కాకపోతే ఆలస్యంగా.

మందులకు లొంగని క్షయకు చికిత్స సరిగా సాగుతున్నదో లేదో సరిచూడటం నా ఉద్యోగం. ఆధారం లేని మాటను నమ్మకపోవడం నాకు అలవాటే కాదు, కొంత గర్వం కూడా. నర్సవ్వ దగ్గర భోజనం చేసే సత్తయ్య నా జాబితాలోని రోగి. కఫంలో క్రిములు కనిపించడం మానేశాక మళ్లీ పవర్‌లూమ్ పనిలో చేరాడు. ఖాళీ మాత్రల అట్టలు ప్రతి వారం లెక్కకు సరిపోయేవి.

ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం నర్సవ్వ చాయ్ గ్లాసు నా చేతికిచ్చి, "సారూ, జర సత్తిగాన్ని చూడు. గోనెపట్టా తడిపి, దాని మీద కాళ్లు వెట్టుకొని తింటుండు. గింత చలిల! గా గోళీలతోనేమో!" అన్నది.

"పన్నెండు గంటలు నిలబడితే ఎవరి కాళ్లయినా నొప్పెడతాయి. మందు వల్లనే అనడానికి ఆధారమేమిటి?"

ఆమె నవ్వింది. "ఆధారమా? నా బాల్టీ నీళ్లు రోజూ ఒడుస్తున్నయ్, గదే ఆధారం. ఎప్పుడు జూసినా గా అట్టలే చూస్తవు. వాని కాళ్లు చూసినవా?"

ఆ మాత్రల్లో ఒకటి పాదాల నరాలను దెబ్బతీయగలదని నాకు తెలుసు. అయినా రిజిస్టరులో 'ఫిర్యాదులు లేవు' అన్న గడి ఆమె మాటకన్నా నమ్మదగినదిగా తోచింది. ఆ గడి నింపింది నేనే. నింపిననాడు సత్తయ్యను ఏమీ అడగలేదు.

కొన్ని నెలలకు అతని కఫంలో మళ్లీ క్రిములు కనిపించాయి. ఆస్పత్రి బెంచీ మీద అతడు తల దించుకునే చెప్పాడు: "అరికాళ్లల్ల నిప్పులు వోసినట్టుండె సార్. నిలవడకుంటే మగ్గం వేరేటోనికిస్తరు. గీ గోళీతోనే మంటని దవాఖానల పక్క మంచపాయన చెప్పిండు. గదొక్కటి మోరీల ఏసిన. మిగిలినయన్నీ మింగిన, ఒట్టు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అట్టలడిగిండ్రు. ఇచ్చిన."

జట్టులో ఒక మందు తప్పుకుంటే భారమంతా మిగిలినవాటిపై పడుతుంది. క్రమంగా వాటికీ లొంగని క్రిములు పెరుగుతాయి. ముందే తెలిస్తే వైద్యుడు మోతాదు తగ్గించగలిగేవాడు, లేదా మందు మార్చేవాడు. అయితే ఆ ఒక్క మాత్రే కారణమని నేను నిరూపించలేను. అతని ఊపిరితిత్తుల్లో క్షయ తొలిచిన పాత గుల్లలున్నాయి. తొలి పరీక్షకు అందని మొండితనం ఆ క్రిముల్లో ముందే ఉండి ఉండవచ్చు. ఈ సందేహాలు సరైనవే. వాటి చాటున దాక్కోవాలని కూడా చూశాను.

రెండో చికిత్స సగంలో సత్తయ్య చనిపోయాడు. నర్సవ్వ నిలదీస్తుందనుకుంటూ వెళ్లాను. "చాయ్ తాగుతవా సారూ?" అని మాత్రమే అడిగింది. గోనెపట్టా గడప పక్కన ఎండి బిరుసెక్కి ఉన్నది. నువ్వు సరిగా చూశావు అన్న మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మరోసారి వెళ్లేసరికి ఆమె గదిలో వేరెవరో ఉన్నారు. కూతురి దగ్గరికి వెళ్లిపోయిందన్నారు.

ఇప్పటికీ అట్టలు లెక్కిస్తాను. అంతకుముందు రోగిని చెప్పులు విప్పమంటాను. పాదం మీద వేలు ఉంచి, స్పర్శ తెలుస్తున్నదా, మంట ఉన్నదా అని అడుగుతాను. జవాబు వచ్చేదాకా కలం మూత తీయను.