నేను ఆటబొమ్మ అన్న తుపాకి

తొంభైల్లో బహ్రెయిన్‌లో వడ్రంగి పని చేస్తున్నప్పుడు, నా నోటి దురద ఒకామె ప్రాణం మీదికి తెచ్చింది.

నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, మా కఫీల్, ఇల్లు జింజ్‌లో. ముసలాయన, సరదా మనిషి. ఒక గురువారం సాయంత్రం పిలిపించి, తాను కొన్న పాత తుపాకి నా చేతిలో పెట్టాడు. గొట్టం మూతిలోంచి మందు పోసి కడ్డీతో కూరే రకం. నిజంగా పాతదో కాదో చెప్పమన్నాడు. మా నాయిన దగ్గర అడవిపందుల్ని బెదిరించే నాటు తుపాకి ఉండేదని ఎప్పుడో గొప్పలు పోయాను మరి.

ఆయన మాట నాకూ నా మాట ఆయనకూ చేరవేసింది ఆ ఇంట్లో వంట చేసే ఆమె. గోదావరి వైపు మనిషి, నన్ను అన్నయ్యా అని పిలిచేది.

వడ్రంగిని కదా, నేను కర్ర చూశాను. పాత తుపాకి కర్ర చెంప ఆనే చోట, పిడికిలి పట్టే చోట అరుగుతుంది. ఇది ఎక్కడా అరగలేదు. నొక్కులన్నీ ఎవరో పనిగట్టుకుని కొట్టినట్టు ఒకే తీరుగా ఉన్నాయి. మరలు విప్పితే లోపల కొత్త కర్ర రంగు. గొట్టం అడుగున మిషను మీద గుద్దిన అంకెలు. అయినా కర్రకూ ఇనుముకూ మధ్య గోరు కూడా దూరదు, ఆ పనితనానికి ముచ్చటేసింది. సుత్తి పడే చోట ఇనుము మాడి, గుంటలు పడి ఉంది. అదీ చూశాను. చూసి వదిలేశాను.

"ఇది నకలు. ఆటబొమ్మ లెక్కనే," అన్నాను.

ఆమె అరబ్బీలో చెప్పింది. ముసలాయన పెద్దగా నవ్వి, ఖలాస్ అని, తుపాకి ఆమె వైపు గురిపెట్టి మీట నొక్కాడు. టక్కుమంది. ఆమె కూడా నవ్వింది. బొమ్మ తుపాకీల్లో పెట్టే టపాకాయ బిళ్లలు తెస్తే శబ్దం కూడా వస్తుందన్నాడు. నేనూ నవ్వేసి, నువైద్రాత్‌లోని క్యాంపుకు వచ్చేశాను.

మర్నాడు శుక్రవారం, సెలవు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను. నా గదిలో ఉండే జగిత్యాలాయన నీళ్ల డ్రమ్ములో పుల్ల ముంచి, తడిసినంత మేర కొలిచి, "నాలుగు వేళ్ల నీళ్లే ఉన్నయ్ భాయ్," అన్నాడు. నా చేతిలో ముద్ద ఆగిపోయింది. తుపాకి పట్టుకున్నప్పుడల్లా మా నాయిన మొదట చేసే పని అదే. కడ్డీని గొట్టంలో వేసి, మూతి దగ్గర వేలితో గుర్తుపట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించేవాడు. గొట్టం కన్నా పొడవు తక్కువ వస్తే లోపల మందు ఉన్నట్టు. నేను ఆ కడ్డీనే ముట్టుకోలేదు. నకలైతే ఏం, ఆ మాడిన గుంటలు కాల్చిన గుర్తులే. దాన్ని కాల్చడానికే చేశారు. నిన్న సుత్తి కింద బిళ్ల లేదు కాబట్టే ఉత్తగా టక్కుమంది; బిళ్ల పెట్టి నొక్కితే ఆ నిప్పు లోపలి మందుకు అంటుకుంటుంది.

చెయ్యి కడుక్కోకుండానే రోడ్డు మీదికి పరుగెత్తి, కనిపించిన ప్రతి బండికీ చెయ్యెత్తాను. ఒక పికప్ ఆగింది. డ్రైవరు తాపీగా నడుపుతుంటే అతన్ని తిట్టుకున్నాను, ఎర్ర లైటును తిట్టుకున్నాను, నన్ను తిట్టుకోవడానికి మాటలు చాలలేదు. బిళ్లలు తెచ్చాడా? ఆమె టీ పట్టుకుని ఎదురుగా నిలబడిందా? సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను.

తలుపు ఆమే తీసింది. తల నుంచి కాళ్ల దాకా చూశాను. లోపల ముసలాయన ఒళ్లో తుపాకి, పక్కన ఇంకా విప్పని బిళ్లల డబ్బా. సలాం కూడా చెప్పకుండా తుపాకి లాక్కున్నాను. కడ్డీ వేశాను, వేలు పెట్టాను, తీసి పక్కన ఆనించాను. నాలుగు వేళ్లు తక్కువ.

ఎవరూ అరబ్బీలో చెప్పక్కర్లేకపోయింది. ఆయన డబ్బా తీసి జేబులో పెట్టుకుని, తల దించుకుని కూర్చున్నాడు.

"అన్నయ్యా, నిన్న ఆటబొమ్మన్నది మీరే కదా," అంది ఆమె. "మీరు చెప్పిందే నేను ఆయనకి చెప్పాను."

"నేనే చెల్లె," అన్నాను.

ఆ తర్వాత నేనక్కడ ఉన్నన్నాళ్లూ ఆమె టీ ఇచ్చింది, పలకరించింది. అన్నయ్యా అని మాత్రం పిలవలేదు.