రెండు కళ్ల కెమెరా

"ఎంతిచ్చినా అమ్మేది లేదు. గింత సాఫ్ ఫొటో వేరేది తీస్తదా?" కామారెడ్డిలో పెద్దబాపు తన షోకేసులోని, ఒకదాని కింద ఒకటి రెండు కటకాలున్న తాత కెమెరాను చుట్టాలకు చూపిస్తున్నాడు.

చిన్నప్పుడది ఎల్లారెడ్డిలో, మా బాపు స్టూడియోలో ఉండేది. స్టూలెక్కి, దాని పైఅద్దంలో వీధిని చూసేదాన్ని. ఒకరోజు పెద్దబాపు కనిపించాడు. మీసంలో తెల్లవెంట్రుక కూడా స్పష్టంగా ఉంది. ఆయనొస్తే గొడవే. కానీ బస్టాండు వైపు నడుస్తున్నాడు.

"పెద్దబాపు పోతుండు బాపూ," అన్నాను సంతోషంగా.

ఆ అద్దంలో కుడిఎడమలు తారుమారవుతాయని, ఆయన నిజానికి బస్టాండు నుంచి ఇటే వస్తున్నాడని నాకు తెలియదు. తలెత్తేసరికి ఆయన గడపలో ఉన్నాడు.

"గీ డబ్బ నీకెందుకురా? పాత సామానోడు గూడ తీస్కోడు," అని బాపును కసిరి, దాన్ని చంకన పెట్టుకుపోయాడు.

ఇవాళ షోకేసు తెరిచి, కెమెరా తీసి అద్దంలోకి వంగాను.

"పైలం బిడ్డా, పడేస్తవ్. ఇటియ్యి," అన్నాడు పెద్దబాపు.

అద్దంలో ఆయన చాపిన చేయి అంతే స్పష్టంగా ఉంది. ఈసారి పొరబడలేదు. కెమెరాను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.