కరెంటు బట్టీలో బాపు గురిగి

బాపుకు, అంటే మా నాన్నకు, కంటి ఆపరేషన్ అయ్యాక డాక్టరు గట్టిగా చెప్పారు, ఇక పొగ దగ్గరికి పోవద్దని. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కుండలు కాల్చడమే పనైన మనిషి ఆయన. పైగా మంచిర్యాలలో మా ఇంటి చుట్టూ మేడలు లేచాయి. గడ్డీ పిడకలూ పేర్చి నిప్పంటిస్తే చాలు, ఆరేసిన చీరలకు మసి పడుతోందని పక్కవాళ్లు తగువుకు వచ్చేవారు.

అందుకే నస్పూర్‌లో రిటైరైన డ్రాయింగ్ సారొకాయన తన పాత కరెంటు బట్టీ అమ్ముతున్నారని తెలియగానే నేను ఎగిరి గంతేశాను. నాకు ఓపిక తక్కువ. అది చూడకముందే ఇంట్లో దానికి చోటు కూడా సర్దేశాను. బాపు మాత్రం ఒక్క మాటే అడిగాడు.

"అండ్ల నాకేం పనుంటది బిడ్డా?"

కాల్చి చూపిస్తేనే కొంటామని సారుకు చెప్పి, ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరం బయలుదేరాం. నా సంచిలో నేను చేసిన పచ్చి టీ కప్పులు. బాపు సంచిలో తువ్వాలలో చుట్టిన గురిగి, గుప్పెడంత కుండ. అదీ ఇంకా కాల్చనిదే.

సారు వరండాలో బట్టీ డ్రమ్ములా నిలబడి ఉంది. పైన మూత, లోపలి గోడల నిండా చుట్టలు చుట్టిన తీగలు, పక్కన వేడి చూపే మీటరు, బొటనవేలు పట్టేంత కన్నం, దానికో బిరడా. కన్నానికి ఎదురుగా సారు మట్టితో చేసిన సన్నటి పుల్ల నిలబెట్టారు. సరైన వేడి తగిలితే అది వంగుతుందట. నాకు అన్నీ ముట్టుకుని చూడాలనిపించింది. నాకంటే ముందు బాపే వంగి, పక్కన పడి ఉన్న తెల్లటి బట్టీ ఇటుక ఎత్తి నవ్వాడు.

"గిది ఇటుకనా, పేలాల ముద్దనా సారూ? బరువే లేదు!"

ఆ నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. నా కప్పులూ బాపు గురిగీ బట్టీలో పేర్చాను. సారుతో ఏదో మాట్లాడి ఇటు తిరిగేసరికి, బాపు సంచిలోంచి వరిగడ్డి తీసి కప్పుల సందుల్లో ఒత్తుగా కుక్కుతున్నాడు.

"అయ్యో అన్నా, గడ్డెందుకే?" సారు పరుగెత్తుకొచ్చారు.

"కుండకు కుండ తాకితె పలుగుతయి గద సారూ."

సారు నవ్వాపుకుంటూ గడ్డి పోచ పోచా ఏరేశారు. "దీనికి గడ్డి లేదు, కట్టె లేదు. మీటర్ల నంబర్ పెడితె కాలినంక దానంతటదే ఆగుతది. మనం కూసొని చాయ్ తాగుడే!" అంటూ మూతేసి స్విచ్ వేశారు.

బాపు మొహం చిన్నబోయింది. మధ్యాహ్నం సారు ఇంట్లో అన్నం పెడితే తినేశాడు. మా ఇంట్లో బట్టీ అంటుకుంటే మంట ఆరేదాకా బాపు మెతుకు ముట్టడు. తాత కూడా అంతే. ఆ తినడం చూసి నాకు భయమేసింది. కన్ను కాపాడబోయి మనిషికి పనే లేకుండా చేస్తున్నానా?

తిన్నాక ఏమీ తోచక బాపు, సారు ఇచ్చిన వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టుకుని కన్నంలోంచి తొంగి చూశాడు. మళ్లీ చూశాడు. ఇక అక్కడి నుంచి కదల్లేదు. పండు మిరప రంగు దాటింది, మోదుగుపువ్వు రంగుకొస్తుంది అని నాకు చెబుతూనే ఉన్నాడు. నేనూ చూశాను. పొగ లేకుండా నిప్పును అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రం ఉన్నట్టుండి లేచాడు. "సారూ, ఇగ బంద్ చెయ్యి. కాలినయి."

"ఇంక శానా టైమున్నదే అన్నా. మీటర్ సూడరాదు."

"మీటర్ సంగతి నాకు తెల్వది. లోపట రంగొచ్చింది."

సారు అద్దాలు పెట్టుకుని చూశారు. మట్టిపుల్ల పూర్తిగా వంగిపోయి ఉంది. గబగబా స్విచ్ ఆపేశారు.

"మీటర్ ఖరాబైంది. నాకే తెల్వలే," అన్నారు సిగ్గుపడుతూ. "బాగు చేయించి ఇస్త. మీరు వద్దన్నా నేనేమనుకోను."

నేను వద్దనే అనబోయాను. బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

"బాగు చేయించకు సారూ. గట్లనే ఉండనియ్యి. మేం కొంటం."

మా ఇంట్లో దానికి మొదటిసారి స్విచ్ వేసిన రోజు, మధ్యాహ్నం కంచంలో అన్నం పెట్టి పిలిచాను. బాపు కన్నం దగ్గర పీటేసుకుని, సారింట్లో ఎర్రగా కాలిన గురిగిని పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. సారిచ్చిన నల్లద్దాలు తీయకుండానే అన్నాడు.

"అన్నం మీద మూత పెట్టు బిడ్డా. బట్టీ అంటుకున్నది గద."