జ్వరం ఎప్పుడొచ్చింది?

డాక్టర్ కుముదినిది గుడివాడ. గుంటూరులో వైద్యం చదివి, పెళ్లయ్యాక జర్మనీ వచ్చింది. ఇంగోల్‌స్టాట్‌లో స్త్రీల డాక్టరుగా ముప్ఫై ఏళ్లు దాటాయి. మాట తక్కువ మనిషి. ఆడపిల్లలు వస్తే మాత్రం బల్ల వెనక కూర్చోదు, కుర్చీ లాక్కుని వాళ్ల పక్కకి వచ్చేస్తుంది.

2022 మార్చిలో కమల అనే వరంగల్ ఆవిడ పదమూడేళ్ల కూతురు గీతికను తీసుకొచ్చింది. ఇద్దరికీ మాస్కులు. పిల్ల అడుగు తీసి అడుగు వేయలేకపోతోంది. జననాంగం దగ్గర పుండ్లు. మూత్రానికి వెళ్లాలంటే ఏడుపే. ముందు చూసిన డాక్టరు హెర్పిస్‌కీ, సిఫిలిస్‌కీ పరీక్షలు రాసి, "బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడా?" అని అడిగాడట. ఆ ఒక్క ప్రశ్నతో ఇల్లు అట్టుడికిపోయింది.

"రెండు దినాల సంది అడుగుతున్న మేడమ్. ఏమనను, నిజం చెప్పు అంటె నోరిప్పుతలేదు. ఫోన్ గూడ గుంజుకున్న," అంది కమల.

కుముదిని ఆమెను బయట కూర్చోమంది. నర్సు మాత్రం ఉంది.

"నేనేం చేయలేదు. అమ్మ నమ్మట్లేదు," అంది పిల్ల జర్మన్‌లో.

"ఎవరైనా నిన్ను బాధపెట్టారా? ఇక్కడ చెప్పొచ్చు."

గీతిక తల అడ్డంగా ఊపింది.

"సరే. జ్వరం ఎప్పుడొచ్చింది?"

పిల్ల తలెత్తి చూసింది. ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పది రోజుల కిందట ఇంటిల్లిపాదికీ కరోనా వచ్చింది. తనకు నాలుగు రోజులు జ్వరం, గొంతునొప్పి. అది తగ్గుతూనే పుండ్లు.

చాలా ఏళ్ల కిందట ఇలాగే వచ్చిన ఒక పిల్లను కుముదిని "ఎవరు?" అని మూడుసార్లు అడిగింది. ఆ పిల్ల మళ్లీ రాలేదు. వైరస్ జ్వరాల తర్వాత, ఏ సంపర్కమూ లేకుండానే ఆడపిల్లలకు ఇలా పుండ్లు పడతాయని తర్వాతెప్పుడో వైద్యపత్రికలో చదివింది. ఆ రోజు ఆమెకు అన్నం సహించలేదు.

గీతికను అడిగి, ఒప్పుకున్నాకే పరీక్ష చేసింది. వేరే జబ్బేదీ కాదని తేల్చుకోవడానికి నోట్లో పుండ్లు, కళ్ల మంట, కీళ్లనొప్పులు, కడుపునొప్పి ఉన్నాయేమో కనుక్కుంది. ఏవీ లేవు. పొద్దున్నే వచ్చిన హెర్పిస్, సిఫిలిస్ రిపోర్టుల్లోనూ ఏమీ లేదు. అప్పుడు కమలను లోపలికి పిలిచింది.

"ఇది అంటురోగం కాదండీ. జ్వరం వెనకాలే వచ్చిన పుండు. లిప్‌షుట్జ్ పుండు అంటారు. మీ అమ్మాయి అబద్ధం చెప్పలేదు."

"కరోనకు గిట్ల గూడ అయితదా?"

"అరుదుగా అవుతుంది. అందుకే చాలామంది డాక్టర్లకు తట్టదు."

నొప్పికి మాత్రలు, పూతమందు రాసిచ్చి, మంట పుట్టకుండా గోరువెచ్చటి నీళ్లలో కూర్చుని మూత్రం పోసుకోమంది. కమల హ్యాండ్‌బ్యాగులోంచి ఫోన్ తీసి కూతురికిచ్చింది. పిల్ల తల్లి వైపు చూడకుండానే తీసుకుంది.

మూడు వారాలకు మళ్లీ చూపించుకోవడానికి వచ్చేసరికి పుండ్లు మచ్చ లేకుండా మానిపోయాయి. గీతిక బట్టలు సర్దుకుంటుంటే కమల గొంతు తగ్గించి, "బిడ్డకు సారీ ఇంక చెప్పలే మేడమ్. ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు," అంది.

"ఇంటికెళ్లేలోగా చెప్పేయండి. ఆలస్యం చేస్తే ఇంకా కష్టం," అంది కుముదిని.

ఆమె ఆ మధ్యాహ్నమే మొదటి డాక్టరుకు ఈ పుండు గురించి ఉత్తరం రాసింది. నిష్ఠూరం లేకుండా, రెండు పేజీలు.